పలుచని రేకు ఎప్పుడు చినుగును?

హైదరాబాదు నగరమున మూసీనది ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ కలదు. 1857 నుండి 1869 వరకు పాలించిన అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరిట వెలసిన ధాన్యపు గంజు అది. దానిని ఆనుకొని బేగంబజారు ఉన్నది. తెలంగాణ జిల్లాలనుండి పాత్రసామాను కొనవచ్చు గ్రామస్థులకు ఈ రెండు పేర్లును చిరపరిచితములు. వివాహములకు, దేవాలయములకు, పాఠశాలలలోని మధ్యాహ్న భోజనమునకు, అంగన్‌వాడీ కేంద్రములకు కావలసిన బిందెలు, గంగాళములు, గుండిగలు, డేక్సాలు అక్కడి దుకాణములలో వరుసలు తీరి ఉండును.

అక్కడ పాత్రను సాధారణముగ తూకము వేసి అమ్ముదురు. కొనువాడు తూకము చూచును, మెరుగు చూచును, అంచును వ్రేళ్ళతో నొక్కి చూచును. ఇంతవరకు సరియే. కాని పాత్ర పాడగునది అంచువద్ద కాదు. ఒక బిందెగాని డేక్సాగాని కొన్నాళ్ళకే కారనారంభించినచో ఆ కారుట మిక్కిలి తరచుగ అడుగు పైకి తిరుగు మలుపువద్దనే మొదలగును. అంచు మందముగ ఉన్న పాత్ర మలుపువద్ద కాగితమువలె ఉండుట ఎట్లు సంభవించును? రేకును సాగదీయగ సాగదీయగ అది ఏ ఘడియలో చినుగునో ముందుగ చెప్పవచ్చునా? చెప్పవచ్చును. లోహశాస్త్రజ్ఞులు నూరు సంవత్సరములకు పైగా కృషిచేసి దీనికి లెక్క కట్టియున్నారు. గ్రామ నిధులతో పాత్రలు, పైకప్పు రేకులు, నీటి తొట్లు కొనవలసిన పంచాయతీ సభ్యులకు ఆ లెక్కలోని సారాంశము తెలిసియుండుట ఎంతయు అవసరము.

రేకు సాగు విధము

ఏ లోహపు రేకునైనను కొంచెము లాగి విడిచినచో మరల పూర్వపు పొడవునకే వచ్చును. ఇది రబ్బరు వంటి సాగు, కాని మిక్కిలి స్వల్పము. ఆ హద్దు దాటి లాగినచో రేకు సాగిన మేర సాగినట్లే నిలిచిపోవును. పాత్రలు తయారగుట ఈ రెండవ సాగువలననే. చదునైన బిళ్ళ గిన్నె యగుటయు, గిన్నె బిందె యగుటయు ఈ గుణము వలననే సాధ్యమగుచున్నది.

ఇచ్చట ఒక నియమము గుర్తుంచుకొనవలెను. సాగినపుడు లోహము కొత్తగ పుట్టదు, ఉన్నది పోదు. పొడవు పెరిగినచో వెడల్పుగాని మందముగాని తగ్గి తీరవలెను. చపాతీ పిండిని రెండు చేతులతో లాగినపుడు నడుమ పలుచనగుట వంటిదే ఇదియు. పలుచనైన చోట బలము తగ్గును. బలము తగ్గిన చోటనే మరింత సాగును. మరింత సాగినచో మరింత పలుచనగును. ఈ విధముగ ఒక్కచోట చేరిన బలహీనత క్షణములో చినుగుగ మారవలెను గదా! పిండి విషయమున అట్లే జరుగును. లోహము మాత్రము వెంటనే చినుగదు. దానికి కారణము లోహమునకున్న మరియొక గుణము.

లోహమును సాగదీసిన కొలది గట్టిపడును. రాగి తీగను ఒకటి రెండుసార్లు సులభముగ వంచవచ్చును. అదేచోట మరల మరల వంచినచో మొండికెత్తును. దీనిని పనివలన గట్టిపడుట అందురు. రేకులో ఒకచోట కొంచెము పలుచనైనను, అచ్చట గట్టిదనము పెరిగినందున ఆ చోటు నిలదొక్కుకొని, సాగవలసిన భారమును ప్రక్కనున్న మెత్తని చోటికి నెట్టివేయును. ఇట్లు సాగు రేకంతటికిని సమముగ పంచబడును.

ఆదాయము, వ్యయము

పంచాయతీ జమాఖర్చులు చూచువారికి ఈ విషయము సులభముగ బోధపడును. గట్టిపడుట ఆదాయము వంటిది. పలుచనగుట వ్యయము వంటిది. ఆదాయము వ్యయమును మించి ఉన్నంతకాలము రేకు క్షేమముగ సాగును. రెండును సమానమైన ఘడియలో ఒకచోట నడుము సన్నబడ నారంభించును. ఆ తరువాత సాగంతయు ఆ నడుమువద్దనే చేరి రేకు తెగును. ఈ సూత్రమును 1885వ సంవత్సరములో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు ఆర్మాన్ కాన్సిడేర్ వెలువరించెను. ఆయన వంతెనలకు వాడు ఇనుము, ఉక్కు విషయమై పరిశోధన చేసినవాడు.

లెక్క యొకటి చూతము. మెత్తపరచిన శుద్ధమైన అల్యూమినియము రేకును తీసుకొందము. అది 5 శాతము సాగియున్నపుడు, మరియొక 1 శాతము లాగినచో దాని గట్టిదనము సుమారు 4 శాతము పెరుగును. అడ్డుకోతలోని లోహము 1 శాతము తరుగును. మిగులు 3 శాతము. 10 శాతము సాగిన పిమ్మట మరియొక శాతము లాగినచో గట్టిదనము 2 శాతమే పెరుగును. తరుగు ఎప్పటివలె 1 శాతము. మిగులు 1 శాతమునకు దిగినది. 20 శాతము దగ్గరకు వచ్చుసరికి పెరుగుదల 1 శాతము, తరుగుదల 1 శాతము. మిగులు సున్న. అచ్చటనే నడుము సన్నబడుట ప్రారంభమగును.

లోహమును బట్టి ఈ హద్దు మారును. పై లెక్క ప్రకారము ఒకేదిక్కున లాగినపుడు మెత్తని అల్యూమినియము సుమారు 22 శాతము వరకు, కర్బనము తక్కువగు మెత్తని ఉక్కు సుమారు 30 శాతము వరకు, నికెలు తగినంత కల స్టెయిన్‌లెస్ ఉక్కు 57 శాతము వరకు, మెత్తపరచిన ఇత్తడి 60 శాతమునకు పైగా సమముగ సాగగలవు. మన పూర్వులు బిందెలకు, చెంబులకు ఇత్తడిని ఎన్నుకొనుటలో ఎంత అనుభవము ఇమిడియున్నదో దీనివలన తెలియగలదు. కొలత సాధనములు లేని కాలమున కంచరి తన సుత్తిదెబ్బ ద్వారానే ఈ హద్దును గ్రహించెడివాడు.

కాల్చి మెత్తపరచుట

గట్టిపడుట అను ఆదాయము ఒకనాటికి అయిపోవును గదా. తరువాత దారి యేమి? రేకును మరల కాల్చుటయే దారి. తగిన వేడిమివద్ద లోహములోని కణికలు కొత్తగ ఏర్పడి, గట్టిదనము పోయి, పూర్వపు మెత్తదనము వచ్చును. ఖాతా మరల మొదటినుండి ప్రారంభమగును. జనగామ సమీపమున పెంబర్తి గ్రామపు శిల్పులు ఇత్తడి రేకుపై దేవతామూర్తులను, లతలను ఉబ్బెత్తుగ తీర్చి దేశమంతట పేరొందిరి. వారు రేకును కాల్చి చల్లార్చి మెత్తపరచి, అడుగున మెత్తని ఆధారముంచి పనిచేయుదురు. పని మధ్యలో రేకు మొండికెత్తినచో మరల కాల్చుట ఈ వృత్తులన్నిటిలోను ఉన్న పద్ధతి. ఒక్క సెగ తప్పించినచో కొన్నిదినముల శ్రమ ఒక్క పగులుతో వ్యర్థమగును.

తొందరలో తయారైన చౌక పాత్రలలో తప్పిపోవునది తరచుగ ఈ సెగయే. అట్టి పాత్ర దుకాణములో చక్కగనే కనిపించును. దాని లోహము మాత్రము గట్టిపడుటలో తుదివరకు వచ్చి, లోపల బిగువు నిలిచియుండును. ఇట్టి ఇత్తడి సామానునకు అమ్మోనియా ఆవిరి గొప్ప శత్రువు. బ్రిటిషు ప్రభుత్వకాలమున మన దేశములో గుఱ్ఱపుశాలల సమీపమున నిలువచేసిన తుపాకి గుండ్ల ఇత్తడి తొడుగులు వర్షకాలములో వాటంతట అవియే చిట్లిపోయెడివి. గుఱ్ఱముల మూత్రమునుండి పుట్టు అమ్మోనియాయు, లోహములోని బిగువును కలిసి ఆ పని చేసినవని తరువాత తేలినది. పశువుల కొట్టములో ఇత్తడి బిందెలు, గంగాళములు నిలువ ఉంచరాదనుటకు ఇదియే కారణము.

స్టెయిన్‌లెస్ పాత్రలలోను ఇట్టి విశేషము కలదు. నికెలు తక్కువగు కొన్ని రకముల ఉక్కును లోతుగ లాగి పాత్ర చేసినపుడు, తయారైననాడు ఏ లోపము కనబడదు. కొన్ని గంటలకో, కొన్ని దినములకో అంచునుండి నిలువుగ చీలిక పడును. అయస్కాంతము అంటనిదే మంచి ఉక్కు అని పలువురు నమ్ముదురు. ఇదియు పూర్తిగ నిజము కాదు. మంచి స్టెయిన్‌లెస్ ఉక్కు కూడ గట్టిగ సాగదీసిన మలుపులవద్ద కొంచెము అయస్కాంతమును ఆకర్షించును.

రేకుపై ముగ్గు

ఇంతవరకు ఒకేదిక్కున లాగుటనుగూర్చి చెప్పితిమి. పాత్ర తయారగునపుడు రేకు ఒకచోట రెండుదిక్కుల సాగును, మరియొకచోట ఒకదిక్కున సాగి రెండవదిక్కున ముడుచుకొనును. ఏ భాగము హద్దుకు ఎంత సమీపించినదో తెలిసికొనుట ఎట్లు? అమెరికాలో స్టూవర్ట్ కీలర్ అను శాస్త్రజ్ఞుడు 1960 దశకపు తొలి యేండ్లలో ఒక చక్కని మార్గము చూపెను. రేకుపై చిన్నచిన్న వలయములను ముగ్గువలె అచ్చువేయవలెను. పిమ్మట రేకును అచ్చులో నొక్కి పాత్ర చేయవలెను. వలయములు కోడిగ్రుడ్డు ఆకారమునకు మారును. వాటి పొడవు వెడల్పులను కొలిచినచో ఆయా చోట్ల రేకు ఎంత సాగినదో, ఎంత పలుచనైనదో లెక్కకు వచ్చును. చినిగిన చోటి వలయములను, చినుగని చోటి వలయములను పోల్చి ఒక గీత గీయవచ్చును. ఆ గీతకు క్రింద క్షేమము, పైన చినుగు. 1968లో గుడ్విన్ అను మరియొక పరిశోధకుడు రెండవదిక్కున ముడుచుకొను రేకులకు కూడ ఈ పటమును విస్తరింపజేసెను. నేడు మోటారుకార్ల తలుపులు మొదలు వంటపాత్రల వరకు రేకును నొక్కి వస్తువులు చేయు పరిశ్రమలకు ఈ పటమే మార్గదర్శి.

ఒక ఉదాహరణము. 5 మిల్లీమీటర్ల వలయము 6 మిల్లీమీటర్ల పొడవునకు సాగి వెడల్పు మారకున్నచో, మందము ఆరింట ఒకవంతు తగ్గును. అనగా 1 మిల్లీమీటరు రేకు 0.83 మిల్లీమీటరునకు వచ్చును. అదే వలయము రెండుదిక్కులను 6 మిల్లీమీటర్లకు సాగినచో మందము 0.69కి దిగును.

ఈ పటము నుండి రెండు ముఖ్యవిషయములు తెలిసినవి. మొదటిది, రేకు రెండుదిక్కుల సాగినపుడుకంటె ఒకదిక్కుననే సాగి రెండవదిక్కున కదలకుండ బిగిసియున్నపుడు త్వరగా చినుగును. పాత్ర అడుగు పైకి తిరుగు మలుపువద్ద రేకు స్థితి సరిగ ఇదియే. అడుగు అచ్చుకు అంటుకొని కదలదు. గోడ పైకి లాగబడును. ఆ రెంటికి నడుమ చిక్కిన మలుపు పలుచనగును. అదే సమయమున అంచు లోనికి ముడుచుకొని మందమెక్కును. కనుక అంచును నొక్కి పాత్రను అంచనావేయువాడు మోసపోవుట సహజము.

రెండవది, పలుచని రేకునకు హద్దు తక్కువ. మెత్తని ఉక్కులో 1 మిల్లీమీటరు మందముగల మేలురకపు రేకు ఈ క్లిష్టస్థితిలో సుమారు 37 శాతము సాగగలదు. అదే ఉక్కు అర మిల్లీమీటరు మందమున ఉన్నచో హద్దు సుమారు 30 శాతము. జాగ్రత్తగల తయారీదారుడు హద్దునకు 10 శాతము దూరముననే ఆగును. కాగితపు లెక్కలో రేకు పలుచన చేసి పొదుపు చేసితిమనుకొనువాడు, లోహముతోపాటు సాగగల శక్తిని కూడ పోగొట్టుకొనుచున్నాడు.

లాగుట వేరు, నొక్కుట వేరు

పలుచని రేకు త్వరగా చినుగుననుట నిజమైనచో మిఠాయిలపై అద్దు వెండిరేకు ఎట్లు తయారగుచున్నది? చార్మినారు పరిసరములలో వరఖు కొట్టువారి సుత్తిచప్పుడు ఎన్నో తరములుగా వినబడుచున్నది. కేంద్ర ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ 2016లో చేసిన నిబంధనల ప్రకారము, తినుటకు వాడు వెండిరేకు చదరపు మీటరునకు 2.8 గ్రాములను మించరాదు. వెండి వేయింట 999 పాళ్ళు స్వచ్ఛముగ ఉండవలెను. తయారీలో జంతుసంబంధమగు పదార్థములు వాడరాదు. 2.8 గ్రాముల వెండిని చదరపు మీటరున పరచినచో మందము మిల్లీమీటరులో నాలుగువేలవ వంతుకు కొంచెము ఎక్కువ మాత్రమే.

ఇంత పలుచన యగుటలోని రహస్యము, వెండిని లాగుట లేదు, నొక్కుచున్నారు. పొరల నడుమ బిగించి పైనుండి కొట్టినపుడు లోహము ప్రక్కలకు ప్రవహించును. పై పొర, క్రింది పొర దానిని పట్టియుంచును. నడుము సన్నబడుటకు అవకాశముండదు. అదే వెండిరేకును చేతితో లాగినచో ఊపిరి తగిలినంతనే చినుగును. లోహమొకటియే, దానిపై బలము ప్రయోగించు విధమును బట్టి దాని అదృష్టము మారుచున్నది.

ఆధారము వలన పలుచని పొర బలపడుట నేటి ఔషధపు పట్టీలలోను చూడవచ్చును. మాత్రలు రెండువైపుల అల్యూమినియపు రేకుతో మూయబడిన పట్టీలు ఆరోగ్యకేంద్రములలో మనకు కనబడును. అందులో గుంటలుగ నొక్కబడిన రేకు మందము మిల్లీమీటరులో ఇరువదవ వంతుకన్న తక్కువ. ఒంటరిగ నొక్కినచో అది గుంట మూలలవద్ద తూట్లుపడును. దానికి ఒకప్రక్క నైలాను పొర, రెండవప్రక్క ప్లాస్టిక్ పొర అంటించినందున, ఒకచోట సన్నబడజూచినపుడు ప్రక్కపొరలు అడ్డుపడి సాగును పంచుచున్నవి. ఆ రేకులో కంటికి కనబడని రంధ్రమున్నను వానకాలపు తేమ లోనికి పోయి మందు గుణము తగ్గగలదు. గ్రామమున ఆశా కార్యకర్తలు మందులు పంచునపుడు గుంటలు నలిగినవి, చినిగినవి అగు పట్టీలను ప్రక్కన పెట్టుట మంచిది.

పైకప్పు రేకులు, జింకు పూత

పాఠశాలలకు, షెడ్లకు వేయు తెల్లరేకు నిజమునకు ఉక్కురేకు. పైన జింకు పూత యుండును. పూతను చదరపు మీటరునకు ఇన్ని గ్రాములని రెండువైపుల కలిపి లెక్కింతురు. 275 గ్రాముల పూత మంచిదని పేరు. అనగా ఒక్కొక్కవైపున మిల్లీమీటరులో యాబదవ వంతు పొర మాత్రమే. ఈ పలుచని పొరయే ఉక్కును తుప్పునుండి కాపాడుచున్నది.

రేకును మరీ ముక్కుగ మడిచినచో మడతకు బయటివైపు ఎక్కువగ సాగును. అచ్చట ఉక్కు చినుగకున్నను పూత పగులును. పగుళ్ళలో నీరుచేరి తుప్పు మొదలగును. మడతలవద్ద, మేకు రంధ్రములవద్ద మొదట ఎఱ్ఱబారుట మనము చూచుచున్నదే. వంపు విశాలముగ ఉన్న రేకును ఎన్నుకొనుటయు, మడతలవద్ద వెంటనే రంగు పూయించుటయు స్వల్పవ్యయముతో దీర్ఘకాలపు లాభము నిచ్చును.

గౌలిగూడ హెచ్చరిక

రేకు సాగుటవలననే కాక తుప్పువలనను పలుచనగును. 1 మిల్లీమీటరు రేకులో పావు భాగము తుప్పు తినినచో, లాగుడుకు నిలుచు బలము నాలుగింట ఒకవంతు తగ్గును. వంగకుండ నిలుచు బిగువు మాత్రము సగముకన్న ఎక్కువ పోవును. రేకులతో నిర్మించిన కట్టడములు చాలకాలము నిక్షేపముగ ఉన్నట్లు కనిపించి, ఒక్కమారుగ కూలుటకు ఇది యొక కారణము.

అఫ్జల్‌గంజ్‌కు కూతవేటు దూరములోని గౌలిగూడ బస్సుస్టేషను దీనికి సమీపోదాహరణము. నిజాము ప్రభుత్వపు రోడ్డు రవాణాశాఖ 1932లో 27 బస్సులతో ప్రారంభమైనది. విమానశాల ఆకారమున నున్న గౌలిగూడ ఉక్కుషెడ్డు దశాబ్దములపాటు ప్రయాణికులకు నీడనిచ్చినది. తెలంగాణ పల్లెలనుండి నగరమునకు వచ్చిన కొన్ని తరములవారికి అది ఆనవాలు. 2018 జులై 5వ తేదీన ఆ షెడ్డు కుప్పకూలినది. అధికారులు ప్రమాద చిహ్నములను ముందుగనే గమనించి, బస్సులను ప్రయాణికులను అచ్చటినుండి తరలించియుండుటచే ప్రాణనష్టము జరుగలేదు. షెడ్డు పోయినది, మనుష్యులు మిగిలిరి. ముందుగ తెలిసికొనుట అనుదాని విలువ ఇంతకన్న స్పష్టముగ చెప్పలేము.

లోహము సాధారణముగ చెప్పకుండ విరుగదు. వంపు తిరుగుట, చప్పుడు చేయుట, మేకులు సడలుట, రంగు పొలుసులుగ రాలుట, తుప్పుమచ్చ విస్తరించుట దాని హెచ్చరికలు. ఆ హెచ్చరికలను చూచి, వ్రాసికొని, చర్య తీసికొనువారు కావలెను.

ఓడుటకే చేసిన రేకు

హద్దు తెలిసినందువలన కలుగు మేలు మరియొకటి కలదు. రసాయన కర్మాగారములలో ఒత్తిడి మితిమీరినపుడు తొట్టి పేలకుండుటకై దానికి ఒక పలుచని లోహపు బిళ్ళను అమర్చుదురు. నిర్ణీతమైన ఒత్తిడివద్ద ఆ బిళ్ళ చినిగి ఆవిరిని బయటికి వదలును. ఎప్పుడు చినుగవలెనో ముందే లెక్కవేసి చేసిన బిళ్ళ అది. తాను చినిగి తొట్టిని, పనివారిని కాపాడును. మన యిండ్లలోని ప్రెషర్ కుక్కరు మూతపై నుండు రక్షణ బిరడా కూడ ఇట్టిదే. వేడిమి మితిమీరినపుడు అందలి లోహము కరగి ఆవిరికి దారి యిచ్చును. ఆ బిరడా పోయినపుడు మేకుతోనో సీసముతోనో మూయుట ప్రాణాపాయకరము. కంపెనీవారి బిరడానే వేయించవలెను. ప్రెషర్ కుక్కర్లకు ఐ.యస్.ఐ. ముద్ర 2021 నుండి తప్పనిసరి చేయబడినది. ఆ ముద్ర లేనిదానిని పాఠశాలకుగాని అంగన్‌వాడీకిగాని కొనరాదు.

పంచాయతీలు గమనింపవలసినవి

1. పాత్రలు కొనునపుడు తూకముతోపాటు రేకు మందమును మిల్లీమీటర్లలో ధరల పట్టికయందు వ్రాయించుకొనవలెను. తూకము అంచువద్ద చుట్టిన కమ్మివలన కూడ పెరుగగలదు.

2. అంచును కాదు, అడుగు మలుపును పరీక్షింపవలెను. బొటనవ్రేళ్ళతో మలుపువద్ద నొక్కినపుడు లోనికి పోయి టప్పున తిరిగివచ్చినచో అచ్చట రేకు మిక్కిలి పలుచనైనదని గ్రహింపవలెను.

3. మలుపువద్ద మెరుగు మాసి, నారింజతొక్కవలె గరుకుగ కనబడినచో రేకు ఎక్కువగ సాగినదని గుర్తు. సన్నని గాడివంటి గీత కనబడినచో అది నడుము సన్నబడిన చోటు. అట్టి పాత్రను తిరుగగొట్టవలెను.

4. ఒకేమారు అనేక పాత్రలు కొనునపుడు, సరకు రెండు మూడు వారములు వాడిన పిమ్మట పగుళ్ళు కనిపించినచో మార్చియిచ్చు షరతును రసీదుపై వ్రాయించుకొనవలెను. ఆలస్యముగ పడు చీలికలకు ఇదియే మందు.

5. కారుచున్న వంటపాత్రకు అతుకు వేయించి పిల్లల వంటకు మరల వాడుటకంటె దానిని తూకమునకు అమ్మి కొత్తది కొనుట మేలు. ఒకచోట తూటుపడిన మలుపు, చుట్టును అంతే పలుచనై యుండును. కాగుచున్న పప్పుతో నిండిన డేక్సా అడుగు ఊడుట ఎట్టి ప్రమాదమో చెప్పనక్కరలేదు.

6. పాఠశాల, పంచాయతీ కార్యాలయము, సంత షెడ్డు, బస్సు ఆగుచోటి నీడ, వీటి పైకప్పులను ఏటేట వానకాలమునకు ముందు ఒకమారు, తరువాత ఒకమారు తనిఖీచేయించి పుస్తకమున వ్రాయించవలెను. పూర్వపు ఏటి వ్రాతతో పోల్చినపుడే తుప్పు నడక తెలియును.

7. వంగిన కమ్మి, కొత్తగ వినవచ్చు చప్పుడు, పెరుగుచున్న తుప్పురంధ్రము కనబడినచో ఇంజనీరింగు శాఖకు తెలియజేసి, వారు వచ్చువరకు పిల్లలను ఆ నీడ క్రింద కూర్చుండబెట్టరాదు.

మేలురకపు రేకునకు ధర కొంత ఎక్కువగుట నిజమే. అయినను రెండేండ్లలో రెండుసార్లు కొను చౌకపాత్రకంటె పదేండ్లు నిలుచు మంచిపాత్ర గ్రామనిధికి లాభము. రేకు ఎంతవరకు సాగునో, ఎచ్చట ఆగవలెనో శాస్త్రము చెప్పియున్నది. ఆ హద్దును అచ్చులవద్ద తయారీదారుడు పాటించవలెను. దుకాణమున కొనువాడు అడుగవలెను. గ్రామమున సభ్యులు కనిపెట్టియుండవలెను. ఈ మువ్వురిలో చివరివారి కన్నే మన పిల్లలకు మిక్కిలి దగ్గరగ నున్నది.